ఆవకాయ సీసా మూత

ఆరేళ్ళుగా ఒక సీసా మూతను మోస్తున్నాను. మీరు నవ్వితే తప్పు పట్టను. నాకూ అప్పుడప్పుడు నవ్వొస్తుంది. నవ్వు అయిపోయాక మాత్రం అది అక్కడే ఉంటుంది, గుండె మీద, గుండ్రంగా, చల్లగా. మా ఆయనకు చెప్పలేదు. ప్రార్థనలో కూడా మిగిలిన తప్పులన్నీ చెప్పుకుని దీన్ని దాటేశాను, దేవుడికి తెలియదన్నట్టు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే.

ముందు నా గుణం చెప్పాలి. నేను ఏదీ మర్చిపోను. తొమ్మిదో తరగతిలో పాటల వరసలోంచి నన్ను వెనక్కి పంపిన టీచరుగారు ఆ రోజు ఏ రంగు చీర కట్టుకున్నారో ఇప్పటికీ చెప్పగలను. పెళ్ళయిన కొత్తలో మా ఆడపడుచు నా సాంబారు చూసి, "ఇది చేతులు కడుక్కోవడానికా వదినా?" అంది. ఆవిడ ఎప్పుడొచ్చినా మా ఇంట్లో ఆ రోజు సాంబారు ఉండదు. దీన్ని కోపం అంటారు కొందరు. నేను జ్ఞాపకశక్తి అంటాను.

అమెరికాలో మేముండే ప్లేనో ఊళ్ళో మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చివాళ్ళు తమ ఆరాధన ముగిశాక మాకు హాలు ఇస్తారు. మా ఆరాధన అయ్యాక అక్కడే భోజనాలు. తలా ఒక వంటకం తెస్తాం. ఆవకాయ మాత్రం అందరిదీ. మోచేతి ఎత్తు గాజు సీసా, ఇనప మూత. వంటగది అలమారలో ఉంటుంది, అడుగంటినప్పుడల్లా ఒక ఇంటివాళ్ళు నింపుతారు. దాని మూత తీసే హక్కు ఆనందరావుగారిది. ఎవరిచ్చారో తెలియదు. ఆయన సంఘపెద్ద, ఇంజనీరు, అప్పటికి యాభై ఐదేళ్ళు, ఆరాధనలో డోలక్ వాయిస్తారు. ఆయన వేళ్ళు డోలక్ మీద పడితే తాళం తెలియనివాళ్ళ చప్పట్లు కూడా తాళంలో పడిపోయేవి. ఇది ఒప్పుకోవాలి. ఒప్పుకుంటున్నాను.

2006లో ఒక ఆదివారం. కంచంలో అన్నం వేడిగా ఉంది, ఆనందరావుగారు ఎక్కడో మాట్లాడుతున్నారు, నేను మూత తీయబోయాను. రాలేదు. మళ్ళీ ప్రయత్నించాను. వెనక వరస పెరిగింది. ఆయన వచ్చారు.

"పక్కకు రండి సిస్టర్. ఇది టాబ్లెట్ సీసా కాదు, ఆవకాయ సీసా. దీనికి చెయ్యి కావాలి."

ఒక్క తిప్పు. మూత వచ్చేసింది. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, దాని సంగతి వేరే. నేను హాస్పిటల్ ఫార్మసిస్టుని. ఇరవై ఏళ్ళుగా రోజంతా సీసాల మూతలు తిప్పుతూ బతుకుతున్నాను. ఆ రోజు ఆవకాయ లేకుండానే తిన్నాను.

మా ఫార్మసీలో డేల్ అనే టెక్నీషియన్ ఉండేవాడు. ఆరున్నర అడుగుల మనిషి. బ్రేక్ రూములో కూర్చుని ఒక స్ప్రింగు నొక్కుతూ ఉండేవాడు. రెండు అల్యూమినియం పిడులు, గరుకుగా, మధ్యలో చుట్ట తిరిగిన లావుపాటి ఉక్కు స్ప్రింగు. గ్రిప్పర్ అన్నాడు, చేతి పట్టు పెంచుకోవడానికట. ఆటవస్తువుల్లా ప్లాస్టిక్ పిడులతో దొరికేవి కాదట ఇవి, బలం పందేలు ఆడేవాళ్ళవట. అడిగి తీసుకుని నొక్కాను. కదల్లేదు. సగం కాదు, పావు కూడా కాదు. గోడను నొక్కినట్టుంది. డేల్ నవ్వలేదు. నా జీవితంలో నన్ను చూసి నవ్వాల్సిన చోట నవ్వని మనుషుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టగలను, అతను వాళ్ళలో ఒకడు. మరునాడు అన్నిటికన్నా తేలికది తెచ్చిచ్చి, "వారానికి మూడు రోజులే మేడమ్. రోజూ చేస్తే వేళ్ళ కీళ్ళు తిడతాయి" అన్నాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి, చెప్పకపోతే అబద్ధమవుతుంది. పగతో మొదలుపెట్టాను గానీ, నాకు అది బాగా నచ్చింది. ఎంత నచ్చిందంటే, పగ సంగతి రోజుల తరబడి మర్చిపోయేదాన్ని, నేను! పిడిని అరచేతిలో సరిగ్గా కుదుర్చుకోవడం, చిటికెన వేలు జారకుండా చూసుకోవడం, ఊపిరి బిగబట్టి నొక్కితే స్ప్రింగు మెల్లగా లొంగడం. మూయలేని బరువైన దాన్ని రెండు చేతులతో మూసి, ఒక చెయ్యి వదిలేసి, తెరుచుకోకుండా ఆపడానికి పళ్ళు బిగించడం. అరచేతులు కాయలు కాచాయి. వేళ్ళు విప్పే కండరాలకు కూడా పని కావాలని డేల్ చెబితే, సోనా మసూరి బస్తా ఒక బకెట్‌లో పోసి, ముంజేతుల దాకా ముంచి, బియ్యంలో పిడికిలి విప్పుతూ మూస్తూ కూర్చునేదాన్ని. మా ఆయన భోజనానికి కూర్చుని, "ఇది వర్కౌట్ చేసిన బియ్యమా, చేయనిదా?" అని అడిగేవాడు.

రెండో గ్రిప్పర్ మూడు నెలల్లో మూసుకుంది. మూడోది, డేల్‌ది, పదకొండు నెలలు సతాయించింది. రెండు పిడుల మధ్య బియ్యపు గింజంత ఖాళీ. ఆ గింజంతే మిగిలిపోయేది. చివరికి ఒక సాయంత్రం హాస్పిటల్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వస్తూ, ఎర్ర లైటు దగ్గర ఆగి, అలవాటుగా పక్క సీట్లోంచి తీసి నొక్కాను. టిక్. పిడికి పిడి తగిలిన చప్పుడు. లైటు పచ్చగా మారింది, వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి, నేను కార్లో ఒక్కదాన్నే "స్తోత్రం! స్తోత్రం!" అని అరుస్తున్నాను. పిల్లల కాన్పులు పక్కన పెడితే అంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఎందుకు ఆగలేదు?

భోజనాలయ్యాక బల్లలు తుడవడం, సీసా మూయడం నా వంతు. మూత తీసేవాణ్ణి అందరూ చూస్తారు, మూసేవాళ్ళను ఎవరూ చూడరు. 2009లో ఒక ఆదివారం, సీసా అంచుకున్న నూనె శుభ్రంగా తుడిచాను. నూనె ఉంటే బిగింపు నిలవదు. చేతులు ఆరబెట్టుకున్నాను. మూత పెట్టి తిప్పాను. మామూలుగా ఆగే చోట ఆగలేదు. కిర్రుమనేదాకా తిప్పాను.

తరువాతి ఆదివారం ఆనందరావుగారు వచ్చి, ఎప్పటిలా చొక్కా చేతులు మడిచి పట్టుకున్నారు. రాలేదు. "ఎవరయ్యా దీనికి సిమెంటు పెట్టింది?" అన్నారు. తువ్వాలు చుట్టారు. రాలేదు. అప్పుడు నేను మెత్తగా, "నేను చూడనా అన్నయ్యగారూ?" అన్నాను. ఒక్క తిప్పు. హాలంతా చప్పట్లు. మూడేళ్ళ పని ఆ ఒక్క తిప్పులో ఉంది. ఆ రోజు ఆవకాయ రుచి చెప్పడానికి నాకు మాటలు రావు.

ఒక్క ఆదివారంతో ఆగితే దాన్ని సరదా అనవచ్చు. నేను ఆరు ఆదివారాలు బిగించాను. ఆయన వేడినీళ్ళు పోసి చూశారు, గరిటెతో అంచు మీద కొట్టి చూశారు. ప్రతిసారీ చివరికి నేను. నాలుగో వారానికి ఆయన హాస్యాలాడడం మానేశారు. అది నేను చూశాను. చూసీ బిగించాను. ఐదో వారం ఆయన డోలక్ ముట్టుకోలేదు. కీబోర్డులో ఉన్న రెడీమేడ్ బీటు పెట్టుకుని పాడాం. పాటలు ఇస్త్రీ చేసిన బట్టల్లా వినిపించాయి, ఎక్కడా ముడత లేదు, ప్రాణమూ లేదు. అయినా ఆ ఆదివారం కూడా బిగించాను. ఎందుకు? అప్పుడు అడిగితే, ఆయన ఇంకా నాకు సారీ చెప్పలేదు కదా, అనేదాన్నేమో. దేనికో తెలియని మనిషి ఎలా చెబుతాడు?

ఆరో ఆదివారం పార్కింగ్ లాట్‌లో నా కారు దగ్గరికి వచ్చారు. చేతులు ప్యాంటు జేబుల్లో ఉన్నాయి.

"సిస్టర్, మీరు మందుల షాపులో చేస్తారు కదా. ఒక మాట అడగనా?"

మందుల షాపు కాదు, హాస్పిటల్ ఫార్మసీ. ఆ క్షణంలో కూడా నాకు ముందు అదే తగిలింది.

"అడగండి అన్నయ్యగారూ."

"మా నాన్నకి చివర్లో చేతులు పట్టు తప్పాయి. గ్లాసు కూడా మేమే పట్టేవాళ్ళం. ఈ మధ్య నాకు కాఫీ కప్పు పట్టుకున్నా భయంగా ఉంటోంది. నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. సూదులు గుచ్చి టెస్టు చేశాడు. అంతా బాగానే ఉందన్నాడు." కుడి చెయ్యి జేబులోంచి తీసి చూసుకున్నారు. "బాగానే ఉంటే మూతెందుకు రాదు? నా చేతులకేమైంది సిస్టర్?"

చెప్పవలసింది అప్పుడే. ఒక్క వాక్యం. కానీ అది చెప్పాలంటే 2006 నాటి మాట చెప్పాలి. ఆ మాట ఆయనకు గుర్తుండదు. నా చేత మూడేళ్ళు స్ప్రింగులు నొక్కించిన మాట, అన్నవాడికి గుర్తు కూడా లేదని ఆయన ముఖంలో చూడడం నా వల్ల కాలేదు. అంతకన్నా పెద్ద అవమానం నేను ఊహించలేకపోయాను.

"వయసు కదండీ" అన్నాను.

ఆయన తలూపి వెళ్ళిపోయారు.

నేను లోపలికి తిరిగి వెళ్ళి, అప్పటికే బిగించిన మూత వదులు చేసి మామూలుగా మూశాను. భయం వేసి ఆపేశాను. మేలు చేస్తున్నాననుకున్నాను. ఆదివారం ఆయన సీసా దగ్గరికే రాలేదు. పాస్టరమ్మగారు ఎడమ చేత్తో బిడ్డను ఎత్తుకుని, సీసాను పొట్టకు ఆనించుకుని కుడి చేత్తో మూత ఇట్టే తిప్పేశారు. ఆనందరావుగారు దూరం నుంచి చూశారు. లోటు మూతలో కాదు, తన చేతుల్లోనే అని ఆయనకు అప్పుడు రూఢి అయిపోయింది.

మరుసటి వారం తేలిక గ్రిప్పర్ తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. "వారానికి మూడు రోజులే, రోజూ చేస్తే కీళ్ళు తిడతాయి" అన్నాను. ఆయన నొక్కారు. మొదటిసారే మూసుకుంది! మూసుకోదా మరి? ఆ చేతులకు ఏ లోటూ లేదు. కానీ ఆయన ముఖం చూడాలి మీరు. పక్షి పిల్లను పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని, మళ్ళీ నొక్కి, మళ్ళీ నొక్కి, "టిక్ అంది సిస్టర్, విన్నారా?" అన్నారు. విన్నాను. ఆ చప్పుడు ఎంత సంతోషమో నాకన్నా ఎవరికి తెలుసు?

తరువాత రెండోది ఇచ్చాను. ఆదివారం కాఫీల దగ్గర అది మొత్తం హాలంతా తిరిగేది. మగవాళ్ళు ముఖాలు ఎర్రగా చేసుకుని నొక్కేవారు, ఆడవాళ్ళు చున్నీలు నడుముకు చుట్టుకుని వచ్చేవారు, పాస్టరుగారు కోటు విప్పి మరీ ఓడిపోయేవారు. ఆనందరావుగారు బియ్యం బకెట్ కూడా మొదలుపెట్టారు. వాళ్ళావిడ నాకు ఫోన్ చేసి, "మా ఇంట్లో అన్నం కన్నా బకెట్‌కే ఎక్కువ బియ్యం పడుతున్నాయి వదినా" అని నవ్వింది. నాలుగు నెలలకు డోలక్ తిరిగి వచ్చింది. మునుపటికన్నా గట్టిగా వచ్చింది. ఆ రోజు కిటికీ అద్దాలు కూడా పాడాయి.

అదే రోజు ఆయన సాక్ష్యం చెప్పారు. మా దగ్గర ఆనవాయితీ అది, దేవుడు చేసిన మేలు లేచి నిలబడి అందరి ముందూ చెప్పుకోవడం. "డాక్టర్లకు కూడా అంతుపట్టని బలహీనత. ఈ సిస్టర్ చిన్న చేతుల ద్వారా ప్రభువు నాకు బలం తిరిగిచ్చాడు" అన్నారు. సంఘమంతా చప్పట్లు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను కూర్చున్నాను. జబ్బూ నేనే, వైద్యమూ నేనే, స్తోత్రం దేవుడికి. లేవాలా? లేచి ఏమని చెప్పాలి? "చిన్న చేతులు" అన్న మాట కూడా గుచ్చుకుంది. అంత సిగ్గులోనూ గుచ్చుకుంది చూశారా.

మొన్న ఆదివారం మూత తీయబోయాను. రాలేదు. నిజంగా రాలేదు. కాయలు కాచిన ఈ చేతికి, డేల్ గ్రిప్పర్ మూసిన ఈ చేతికి! వెనక వరస పెరిగింది.

"పక్కకు రండి సిస్టర్. పోయిన వారం మూసింది నేనే. ఇది టాబ్లెట్ సీసా కాదు మరి!"

అదే మాట. తొమ్మిదేళ్ళ తరువాత. ఆయన హాస్యాల సంచిలో అదొకటి, అంతే. ఎప్పుడూ అక్కడే ఉంది, ఎవరి మీదకూ విసరడానికి కాదు. నేను పక్కకు జరిగాను, నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. పక్కనున్నవాళ్ళు ఆవకాయ ఘాటనుకున్నారు. ఆయన భుజం ఎగరేసి ఒక్క తిప్పు తిప్పారు.

క్షమించమని అడగడం లేదు. అడిగితే ఆయన అక్కడికక్కడే క్షమించేస్తారు, పైగా నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. అది నేను భరించలేను. జీవితాంతం గుర్తుంటుంది. ఆయన అడిగినదానికి ఆరేళ్ళ కిందట నేను చెప్పింది అబద్ధం. జవాబు ఇది:

మీ చేతులకేమీ కాలేదు అన్నయ్యగారూ. మూత నేను బిగించాను.