గుడ్డ గుమ్మడికాయకు కర్పూరం

కొత్తింట్లోకి వెళ్తే ఎవరైనా పాలు పొంగిస్తారు. నేను బిల్డింగ్ జనాన్నంతా మెట్ల మీంచి వీధిలోకి పొంగించాను. అదీ షార్జా ఎండలో. నవ్వదలచినవారు ఇప్పటినుంచే నవ్వుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

కరోనా కాస్త నెమ్మదించిన ఏడాది అల్ నహ్దాలో ఫ్లాటు మారాం. మా అత్తగారు భీమవరం నుంచి విజిట్ వీసా మీద వచ్చి ఉన్నారు. శనివారం ఆవిడ తిరుగు ప్రయాణం. "గుమ్మంలో గుమ్మడికాయ కొట్టి దిష్టి తీస్తే గానీ నేను విమానం ఎక్కను" అని తేల్చేశారు. శుక్రవారం సెలవు గనక అదే ముహూర్తం అనుకున్నాం. ఈ సంగతి నాతూర్ చెవిన పడింది. నాతూర్ అంటే మా బిల్డింగ్ కాపలాదారు, పెషావర్ పెద్దమనిషి.

"మేడమ్, కారిడార్‌మే కుచ్ భీ తోడ్‌నా నహీ! ముదీర్ దేఖేగా తో మేరా నౌక్రీ ఖలాస్!"

కారిడార్లో ఏం పగలగొట్టినా ముదీర్, అంటే బిల్డింగ్ మేనేజరు, అతని ఉద్యోగం ఊడగొడతాడట. దిష్టి కోసం ఒకరి ఉద్యోగం పగలగొట్టలేం కదా. అత్తగారి మొహం వాడిపోయింది. అప్పుడు పుట్టింది నాకా దిక్కుమాలిన ఆలోచన.

ఆ రోజుల్లో నేను ఫోనులో చూసి గుడ్డతో చిలకలు, మామిడికాయలు కుట్టి, లోపల దూది కూరి గోడలకు వేలాడదీస్తున్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, నేను కుట్టిన చిలక్కి ఒకటే కన్ను. అయినా వెనక్కి తగ్గే రకాన్ని కాను.

"పగిలితేనే కదా గొడవ? పగలని గుమ్మడికాయ నేను కుడతాను!" అన్నాను.

"గుడ్డ గుమ్మడికాయకి దిష్టి పోతుందటే అమ్మాయ్?"

"పోకపోతే నన్నడగండి అత్తయ్యగారూ."

నారింజరంగు పాత చీర కత్తిరించి, ముక్కలు కలిపి సంచిలా కుట్టి దూది కూరాను. చల్లారిన పూరీలా చతికిలబడింది. ఇంకా కూరాను. ఇంట్లో దూది అయిపోయింది గానీ నా పంతం అయిపోలేదు.

"వాణీ, నా తలగడ ఏదీ?" మా ఆయన కేక.

"గుమ్మడికాయలో ఉందండి."

"మరి నేనెలా పడుకోను?"

"చెయ్యి మడుచుకుని."

అత్తగారి తలగడ కూడా లోపలికి వెళ్ళాక అది నిండుగా కుదిరింది. పొడవాటి సూదితో దారం బిగించి లాగితే అచ్చం గుమ్మడికాయకున్నట్టే చారలు పడ్డాయి. దాన్ని చూసి నాకే కళ్ళు చెమర్చాయి.

"దిష్టికి బూడిద గుమ్మడికాయ కదే! ఇది పులుసులోకి తరిగేలా ఉందేంటి?" అన్నారు అత్తగారు.

"దిష్టి రంగు చూసి పోతుందేంటండీ?"

శుక్రవారం పొద్దున గుమ్మం ముందు నిలబడ్డాం. ఆవిడ అటూ ఇటూ చూసి, "పైన కర్పూరం ఏదే? కర్పూరం వెలిగించకుండా దిష్టి తీస్తారా ఎక్కడైనా?" అన్నారు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినదాన్ని, ఈ మాత్రానికి జంకుతానా? గుమ్మడికాయ నెత్తిన వంటింటి అల్యూమినియం కాగితం పరిచి, కర్పూరం పెట్టి వెలిగించి మా ఆయన చేతికిచ్చాను.

"వాణీ, లోపలున్నది పాలిస్టర్ దూది..."

"మీరు మాట్లాడకుండా మూడుసార్లు తిప్పండి."

మొదటి చుట్టు దివ్యంగా జరిగింది. రెండో చుట్టులో కాగితం జారింది. మూడో చుట్టు చూసే భాగ్యం ఎవరికీ కలగలేదు. చీర భగ్గుమంది. మా ఆయన దాన్ని కింద పడేసి చెప్పుతో బాదితే అది కాస్తా పగిలి దూది నలువైపులా ఎగిరింది. అత్తగారు బకెట్టుడు నీళ్ళు కుమ్మరించారు. మంట ఆరింది గానీ నల్లటి పొగ కారిడార్ కప్పు దాకా లేచింది. ఆ వెంటనే బిల్డింగంతా అలారం కుయ్యోమంది.

"యల్లా! యల్లా!" అని, పదండి పదండంటూ అంతస్తులన్నీ దిగిపోయాయి. లుంగీలతో కొందరు, గరిటెలతో కొందరు, సబ్బు నురగతో ఒకాయన. ఆ గుంపులో మేమూ ఏమీ ఎరగనట్టే దిగాం.

కింద నాతూర్ దిగినవాళ్ళందర్నీ నిలదీస్తున్నాడు. పక్కనే ముదీర్. "కిస్‌నే ఆగ్ లగాయా?" అని గర్జించాడు నాతూర్, నిప్పు పెట్టిందెవరని. నేను ఆకాశం చూశాను. అత్తగారు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నారు. మా ఆయన మాత్రం గభాలున రెండు భుజాలూ దులుపుకున్నారు. ఆ భుజాల నిండా తెల్లటి దూది!

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని చిన్నప్పట్నుంచీ విన్నాను. దొంగను కళ్ళారా చూడటం, పైగా ఆయనతో నాకు పెళ్ళయి ఉండటం అదే మొదటిసారి. నాకు నవ్వాగలేదు. నాతూర్ వద్దనే చెప్పాడని, బుర్ర నాదేనని ముదీర్‌కి నవ్వుతూనే చెప్పేశాను. ఆయన ముందు తిట్టాడు, తర్వాత మా ఆయన భుజాలు చూసి నవ్వేశాడు. నాతూర్ ఉద్యోగం నిలిచింది.

"పగలదన్నావు, పగలనే పగిలిందిగా! దిష్టి పోయినట్టేలే" అని అత్తగారు తృప్తిగా విమానం ఎక్కారు.

కాబట్టి కొత్తింటి గుమ్మం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట నేను కుట్టిన ఏ కాయకూ, ఏ పిట్టకూ అగ్గిపుల్ల చూపించను. ఒకవేళ చూపించినా, మా ఆయన్ని జనంలోకి తీసుకెళ్ళే ముందు భుజాలు నేనే దులుపుతాను.