గొడుగులక్క వంతెన దాటిన వైనం

గొడుగులక్కకు నోరు పెద్దది, కొట్టు చిన్నది. లోపల ముగ్గురు నిలబడితే నాలుగోవాడు వానలో తడవాల్సిందే. ఇరవై ఏళ్లు ఊరివాళ్ల గొడుగులకు విరిగిన పుల్లలు మార్చీ మార్చీ విసుగెత్తి, ఎంత గాలి కొట్టినా గొడుగు వెనక్కి తిరగబడకుండా ఆపే కీలు ఒకటి సొంతంగా తయారుచేసింది. ఆరు నెలల్లో ఊరంతా ఆ గొడుగులే.

ఆ ఖ్యాతి మంత్రిగారి బామ్మర్ది చెవిన పడింది. ఆయనకు గొడుగు పట్టేవాళ్లున్నారే తప్ప, తనెన్నడూ పట్టి ఎరగడు. అయినా నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: దేశ క్షేమం దృష్ట్యా, ఇకపై గొడుగులు చేసే హక్కు ఆయన కంపెనీ ఒక్కదానికే. అక్క కోర్టుకెక్కింది. జడ్జిగారు మంత్రిగారి ఫోటో కింద కూర్చుని, ఫైలంతా ఓపిగ్గా చదివి, వేరే పని చూసుకోమని హితవు చెప్పారు. కొట్టుకు సీలు పడింది.

ఏరు దాటితే వేరే దేశం. అక్కడా అదే వాన, అదే గాలి, అదే భాష. అవతల కాపురముంటున్న చెల్లెలు రమ్మని పోరు పెట్టడంతో, అక్క పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వంతెన దాటింది. అక్కడ కొత్త వస్తువులకు హక్కు కాగితాలిచ్చే ఆఫీసులో గుమాస్తా కీలు నమూనా చూశాడు, పేరు రాసుకున్నాడు, కాగితం మీద ముద్ర కొట్టి చేతికిచ్చాడు. అక్క కదల్లేదు.

“ఇంకేమన్నా కావాలా అమ్మా?”

“నేనెవరి తాలూకో అడగలేదేం?”

“అడిగితే నా ఉద్యోగం ఊడుతుంది,” అన్నాడు గుమాస్తా, తర్వాతి మనిషిని పిలుస్తూ.

ఎందుకో ఆమెకు ఏడుపొచ్చింది.

పదకొండేళ్లలో నలభైమంది పనిచేసే కార్ఖానా లేచింది. పెద్దమనుషులకు అక్కడా కొదవలేదు. ఒకాయన కీలు కాపీ కొట్టాడు. అక్క దావా వేసి గెలిచింది. నమ్మలేక, తీర్పు నకలు చెల్లెలి చేత మూడుసార్లు చదివించుకుంది. ఇవతల బామ్మర్ది గొడుగులు మాత్రం విప్పగానే ఊడిపోయేవి. జనం చాటుగా వంతెన దాటి అక్క గొడుగులు తెచ్చుకునేవారు.

ఈలోగా ఇవతల ప్రభుత్వం మారింది. కొత్త మంత్రి ముగ్గురు అధికారుల్ని పంపాడు. దేశం వెనకబడిపోయిందనీ, స్థలమూ కరెంటూ ఇస్తామనీ, తిరిగి వచ్చేయమనీ వాళ్లు బతిమాలారు.

“అవన్నీ సరే. రేపు మీ మంత్రికి నామీద కోపమొస్తే, ఆయన్ని కాదని తీర్పు చెప్పే జడ్జి ఉన్నాడా మీ దగ్గర?” అంది అక్క.

కొత్త మంత్రిగారికి అసలు బామ్మర్దులే లేరని ముగ్గురిలో పెద్దాయన హామీ ఇచ్చాడు.

అక్క వాళ్లకు టీ ఇప్పించి, కార్ఖానా అంతా తిప్పి చూపించి సాగనంపింది. వాళ్లలో బట్టతలాయన గేటు దగ్గర వెనకబడి, ఇక్కడేమైనా ఉద్యోగాలున్నాయా అని మెల్లిగా అడిగాడు. మరుసటి సోమవారం నుంచి సరుకు పంపే పని ఆయనే చూస్తున్నాడు.