మలక్కా కోట ముందు మా ఇంటి పరువు

మలక్కా కోట మీదికి ఎంతోమంది దండెత్తారు. పోయిన శనివారం నేనూ వెళ్లాను. వాళ్ల వెంట ఓడలూ ఫిరంగులూ ఉండేవి. నా వెంట మా పెద్దన్నయ్య ఆశీర్వాదం ఉంది.

మలక్కాలో ఉంటున్న మా అక్క నరసమ్మ, యాభై ఆరేళ్ల వయసులో మళ్లీ పెళ్లి చేసుకుంటానని ఫోన్ చేసింది. బావ పోయి నాలుగేళ్లు. వరుడు నూకరాజు, కోట దగ్గర గైడు. మా ఊరు బంటింగ్‌లో మా వాళ్లంతా కూర్చుని, ఈ పెళ్లి ఆపి పరువు కాపాడే బాధ్యత నాకు అప్పగించారు.

ముందురోజే కౌలాలంపూర్ చేరి, పొద్దున మనవాళ్ల పేట బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఇడ్లీ తిని, ఏడున్నరకు దక్షిణ టెర్మినల్లో బస్సెక్కాను. రెండు గంటల ప్రయాణమన్నారు. మూడున్నర పట్టింది. పక్క సీటు తమిళ పెద్దాయన మాట కలిపాడు.

"మలక్కాలో ఏమిటి విశేషం? పెళ్లా?"

"కాకుండా చూడ్డానికే వెళ్తున్నాను" అన్నాను. ఆయన అటు తిరిగి నిద్రపోయాడు.

ఊళ్లో ఇంకో బస్సు మారి ఎర్ర భవనాల దగ్గర దిగాను. బొమ్మలు తగిలించిన రిక్షాలు చెవులు చిల్లులు పడేలా పాటలు పెట్టుకుని తిరుగుతున్నాయి. కోట కట్టిన పోర్చుగీసువాళ్లు వీటిని చూడకుండానే పోయారు, అదృష్టవంతులు.

అంత కోటలో మిగిలింది ఒక్క ద్వారం. దాని ముందు నూకరాజు, మెడలో పేరుబిళ్లతో, గొడుగు పట్టుకుని పదిమందికి మలాయ్ భాషలో చరిత్ర చెబుతున్నాడు. పోర్చుగీసువాళ్లు కట్టారట, సుమత్రా నుంచి అచే సుల్తానులు పదేపదే దండెత్తారట. చివరికి డచ్చివాళ్లూ జొహోర్ సేనలూ నెలల తరబడి చుట్టుముడితే, లోపలి జనం ఆకలికీ రోగాలకూ రాలిపోయారట.

"ముందే తలుపు తీసేస్తే పోయేది కదా?" అన్నాను వెటకారంగా.

ఆయన నన్ను తేరిపార చూసి తెలుగులోకి దిగాడు, మలేసియా వాళ్ల ఊతపదం ‘లా’తో సహా. "బయటోలు లోపల మనుసుల కోసం వచ్చినారేటి బావా? గోడ కోసం వచ్చినారు. మీ అక్క ఫొటో సూపించినాది లా, అందుకే పోల్చినాను."

ఇంతలో అక్క క్యారియర్‌తో వచ్చింది. బస్సులో బట్టీపట్టిన ఉపన్యాసం ఎత్తుకున్నాను. "జనం ఏటనుకుంటారక్కా?"

"ఏ జనం? జొరంతో ఒక్కదాన్నీ పడున్నప్పుడు ఏ జనమూ రానేదు. నువ్వూ రానేదు తమ్మీ. రెండు గంటల బస్సే కదా!"

"మూడున్నర పట్టింది" అన్నాను.

నూకరాజు తన అన్నమూ చేపల పులుసూ నాకు పెట్టించి, తాను కొట్లోంచి రోటీ చనాయ్ అనే పరోటా తెచ్చుకున్నాడు. ఆయనేదో అంటే అక్క పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని నాలుగేళ్లయింది. తలొంచుకుని పులుసన్నం తిన్నాను.

నాలుగింటికి తిరుగు బస్సు. మలక్కా మంచి ఊరే. ఎండ ఎక్కువ, చూడాల్సిన గోడ తక్కువ, భోజనం బాగుంటుంది. సగం దారిలో అన్నయ్య ఫోన్.

"ఏటయ్యింది? ఒప్పుకున్నాదా?"

"నేనే ఒప్పుకున్నాను. రిజిస్టరు పెళ్లికి ఇద్దరు సాక్షులు కావాలంట. ఒకడ్ని నేను. రెండో సంతకం నువ్వెట్టాలి అన్నయ్యా."

ఆ రోజు తనకు తీరిక లేదన్నాడు అన్నయ్య. ఏ రోజో నేనింకా చెప్పనే లేదు.