నేను గడప దాటితే గోల్ పడేదట

నా చిన్నప్పుడు మన దేశం హాకీలో ప్రపంచ కప్పు గెలిచింది. నేను ఎక్కడ కూర్చున్నాననే దాన్ని బట్టే గెలిచామని మా పెదనాయన చివరిదాకా నమ్మాడు. ఆ నమ్మకాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. సూరత్‌లో ఉధ్నా దగ్గర ఒకే వరుసలో ఉన్న గదుల్లో, తెలుగు నేల నుంచి పని కోసం వచ్చిన మా కుటుంబాలుండేవి. మగవాళ్లంతా మరమగ్గాల మీద పనిచేసేవారు. రేడియో పెదనాయన గదిలోనే ఉండేది కాబట్టి రాత్రి పాళీ చేసి వచ్చినవాళ్లు నిద్ర మానుకుని మరీ అక్కడ చేరి కామెంటరీ వినేవారు. సెమీఫైనల్ నాడు వాళ్లకు మంచినీళ్లు ఇద్దామని లోపలికి వెళ్లాను. సరిగ్గా అప్పుడే మలేషియా గోల్ కొట్టింది.

“బయటికి పో బిడ్డా, నువ్వొచ్చినవ్, గోల్ పడ్డది!” అని పెదనాయన కసిరాడు. నేను వాకిట్లో నిలబడ్డాను. తర్వాత మనవాళ్లు గెలిచారు. ఇక చెప్పేదేముంది? ఫైనల్‌కు నన్ను గడప తొక్కనివ్వొద్దని తీర్మానం అయిపోయింది. నన్ను కన్న మా బాపు కూడా దానికి తలూపాడు. వీధిలో ఆడుకునే పిల్లలు నన్ను జట్టులో చేర్చుకోవడం మానేశారు. ఒంటరిగా కూర్చుని, నాలో నిజంగానే ఏదో లోపం ఉందేమోనని నేనే అనుకోవడం మొదలుపెట్టాను.

ఇది మా నాయనమ్మ కంటబడింది. ఫైనల్ రోజు మధ్యాహ్నం ఆమె నన్ను వెనక తలుపులోంచి తీసుకెళ్లి, పెదనాయన గదిలోనే వంట మూలకు అడ్డంగా కట్టిన చీర వెనక కూర్చోబెట్టింది. కాసేపటికి పాకిస్తాన్ గోల్ కొట్టింది. లేచి పారిపోబోతే నాయనమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “కూసో. ఆడుతున్నది నువ్వా, వాళ్లా?” అని చెవిలో అంది. ఆ తర్వాత మనవాళ్లు ఒక గోల్ కొట్టారు, మళ్లీ ఇంకొకటి కొట్టారు. గది దద్దరిల్లింది.

“చూసిండ్రా, పిల్లను బయట ఉంచితే ఎట్ల గెలిచినమో!” అని పెదనాయన ఎగురుతుండగా నాయనమ్మ చీర పక్కకు లాగింది. “మొదటి నుంచి పిల్ల ఈడనే ఉన్నది. ఇప్పుడు ఏమంటవో అను.”

సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన గడ్డం గోక్కుని, “అట్లనా? అయితే ఇగ ఎప్పుడు మ్యాచ్ ఉన్నా చీర ఎనకనే కూసో బిడ్డా, కలిసొస్తది” అన్నాడు. నాయనమ్మ తల కొట్టుకుంది.

అదే ఏడాది వానలు మొదలయ్యే వేళకు దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు. సరుకు అమ్ముడుపోక మా షెడ్డులో మగ్గాలు కూడా కొన్నాళ్లు ఆగాయి. పెదనాయన ఇంటికి కొత్త కోడలు కరీంనగర్ వైపు నుంచి వచ్చింది ఆ రోజుల్లోనే. అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు ఆయన ఆ కొత్త వదినె వైపు చూస్తూ, కొందరి పాదం మంచిది కాదని గొణిగాడు. ఆమె కంచంలోకి తల దించుకుంది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది.

“ఎమర్జెన్సీ గూడ వదినెనే తెచ్చిందా, పెదనాయనా?” అని అడిగేశాను.

మొదట నవ్వింది నాయనమ్మ, ఆ తర్వాత బాపు. వదినె తలెత్తి నన్ను చూసింది. పెదనాయన మళ్లీ ఆమెను ఆ మాట అనలేదు, కనీసం నా ముందు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది కానీ ఆ గుణం మాత్రం జనంలోంచి పోలేదు. మొన్న సూరత్‌లోనే, నేనిప్పుడుంటున్న భేస్తాన్‌లో, మా వీధిలో జరిగిన పెళ్లిలో, భర్త పోయిన ఒకావిడను వెనక్కి వెళ్లి కూర్చోమంటున్నారు. నేను వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరుసలో నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. “ఏమన్నా అయితే నా మీద ఎయ్యిండ్రి” అన్నాను. పెళ్లి చక్కగా జరిగింది. పప్పులో మాత్రం ఉప్పు ఎక్కువైంది. అది వంటవాడి పని.