కాలిన వైరు వాసన

మొన్న పంజాగుట్టలో బస్సు దిగి నడుస్తుంటే ఏదో కొట్టులోంచి వైరు కాలిన వాసన వచ్చింది. ఏమీ కాలేదని కొట్టు మనిషి చెబుతున్నా స్విచ్చుల పెట్టె ఒకసారి చూడమని పట్టుబట్టాను.

కంప్యూటరు నేర్చుకుంటే బతుకు మారిపోతుందని ఊళ్ళకు ఊళ్ళు అమీర్‌పేటకు తరలివచ్చిన రోజుల్లో, మైత్రీవనం వెనుక సందులో ఒక కోచింగ్ సెంటరులో నేను ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టేదాన్ని. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఒక్క గదిగా ఉన్నప్పుడు యజమాని మాకందరికీ అన్న. ఎవరివల్ల ఏ పొరపాటు జరిగినా సాయంత్రం చాయ్ దగ్గర వాళ్ళే బయటపెట్టి, అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాలి. నవ్వులతో ఆ సంగతి అక్కడితో సరి. అన్న కూడా ఎన్నోసార్లు తెప్పించాడు. తరువాత గది అంతస్తులైంది, అన్న కాస్తా సార్ అయ్యాడు, ఒక మేనేజరు వచ్చాడు. పొరపాటు ఒప్పుకున్నవాళ్ళ కొలువు ఆ పూటే పోసాగింది. ఇక ఎవరి చాయ్ వాళ్ళు గోడవైపు తిరిగి తాగేవాళ్ళు.

ఒకనాడు పొద్దుటినుంచి పెద్ద క్లాసుగదిలో, స్విచ్చుల పెట్టె దగ్గర కాలిన వాసన. లోపల పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. అందరికీ తెలుసు, అందరూ తలలు దించుకున్నారు. రిసెప్షన్‌లో కూర్చునే, నన్ను పిన్ని వరసతో ఖాలా అని పిలిచే ముస్లింల అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "ఖాలా, జర చుప్ ఉండు. నువ్ సూడలే, నేన్ సూడలే. ముందుగాల చెప్పినోళ్లదే తప్పంటరు" అంది.

భర్త లేని నాకు ఇద్దరు బిడ్డలు, ఆ జీతం తప్ప ఆధారం లేదు. అయినా పెట్టెలోంచి సన్నగా పొగ రావడం చూశాక, సార్ గది తలుపు తోసి సంగతి చెప్పాను.

కరెంటు ఆపించి పిల్లలను కిందికి దింపారు. పెట్టె లోపలంతా మాడిపోయి ఉంది.

"తడిబట్ట తగిలించింది నువ్వే కదూ?" అని మేనేజరు నా మీదికి వచ్చాడు. అప్పుడా అమ్మాయి ఏడుస్తూ, "ఖాలా గాదు సార్. పొద్దుగాల సంది అందరికి వాసనొస్తుంది" అంది.

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాడు సార్.

"చెప్తే నౌకరీ పోతది గద సార్."

సార్ కిటికీలోంచి కిందున్న పిల్లలను చూసి, మమ్మల్ని పనిలో ఉంచమని మేనేజరుతో అన్నాడు. మా ఇద్దరి కొలువులూ నిలిచాయి. తప్పు చెప్పినవాళ్ళను పంపేసే పద్ధతి ఆ మరునాడే పోయింది గానీ, భయం అంత తేలికగా పోలేదు. ఎవరైనా నోరు తెరవబోతే మిగతావాళ్ళం చాలాకాలం ఊపిరి బిగబట్టేవాళ్ళం.

జుట్టు నెరిశాక అక్షరాలు నేర్చుకున్నాను. ఈమధ్య మనవరాలి ఆఫీసుకు వెళ్తే, గోడమీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ 'భయం లేకుండా మాట్లాడండి' అని రంగురంగులుగా రాసి ఉంది. కూడబలుక్కుని చదివి, నువ్వు మాట్లాడతావా అని అడిగాను. అది నవ్వి, అటూ ఇటూ చూసి, పెదవులమీద వేలు పెట్టుకుంది.