బర్మామైన్స్‌లో స్పానిష్ క్రియలు నేర్చుకున్న ఆదివారం

స్పానిష్ పై స్థాయి పరీక్ష రెండుసార్లు తప్పాక పుస్తకం తెరవాలంటేనే నాకు నీరసం వచ్చేది. విశాఖలో యంత్రాల వాడకం పుస్తకాలను స్పానిష్‌లోకి మార్చే ఆఫీసులో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. మాటలు వచ్చు, క్రియల దగ్గరే బోర్లా పడతాను. ఆ భాషలో జరిగేదాన్ని చెప్పడానికి ఒక క్రియారూపం, జరగాలనో జరగకూడదనో అనుకునేదానికి మరో రూపం ఉంటాయి. ఈ రెండోదాన్ని సబ్జంక్టివ్ అంటారు. ఎక్కడ ఏది పడుతుందో తేల్చుకోలేక మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి కూడా తప్పే రాస్తాను. ఈసారీ తప్పితే టైపింగు సెక్షనుకి మారుస్తామని మేనేజరు మెల్లగా చెప్పాడు. అప్పుడే పక్క సీటు సుజాత, "జంషెడ్‌పూర్‌లో మా అప్పలనాయుడు మావయ్య ఉన్నాడు. పెరూ దేశంలో రాగి గనుల దగ్గర తొమ్మిదేళ్ళు క్రేన్ నడిపాడు. ఫోన్లో పాఠం చెప్పనంటాడు, ఎదురుగా కూర్చోవాలట. వెళ్తావా?" అంది.

శనివారం సాయంత్రం ఐదున్నరకి విశాఖలో స్లీపర్ ఎక్కాను. టికెట్ ఐదువందల లోపే. పద్నాలుగు గంటల్లో దిగాల్సింది పదహారు గంటలైంది. పక్క బెర్తు వాళ్ళ పాప ఏడుపుకి కన్ను అంటుకోలేదు. జంషెడ్‌పూర్‌కి దిగాల్సిన టాటానగర్ స్టేషను బయటికొచ్చేసరికి తొమ్మిదిన్నర, మొహం కడుక్కున్నా మత్తు వదల్లేదు. వాళ్ళుండే బర్మామైన్స్ పేటకి షేర్ ఆటో ఇరవై రూపాయలు. "పహలీ బార్ ఆయీ హైఁ?" అని, మొదటిసారి వచ్చారా అని, డ్రైవరు అడిగితే తలూపాను. హిందీలో జవాబు కూర్చుకునే ఓపిక కూడా లేదు. స్కూటర్లు, ఆరేసిన బట్టలు తప్పించుకుంటూ సందులోకి నడిచాను. మూడో ఇంటి అరుగు మీద ఒకాయన నిలబడి ఉన్నాడు. అరవై ఉంటాయి, నెరిసిన మీసం, లుంగీ.

"ఏటమ్మా, రైలు లేటైపోనాదా? సుజాత పొద్దున్నుంచీ మూడు ఫోన్లు సేసింది. ముందు టిఫిను తిను, తరవాత సదువు," అన్నాడు.

ఆయన భార్య సరస్వతి గారు ఉప్మా పెట్టింది. లోపలి గదిలో ఉన్న కూతురిని తెలుగులో పిలిస్తే, "ఆ రహీ హూఁ మా", వస్తున్నానమ్మా అని హిందీలో పలికింది. పదిన్నరకి పాఠం మొదలైంది. నా సంచిలోంచి క్రియాపట్టికలు తీసి పరిచాను, రంగురంగుల గీతలతో నలభై పేజీలు. నాయుడు గారు వాటిని రెండు నిమిషాలు తిరగేసి పక్కన పెట్టేశాడు.

"ఇయన్నీ నాకు తెల్దమ్మా. నేను నేర్సుకున్నది ఒక్క తప్పు మీద," అని చెప్పడం మొదలుపెట్టాడు.

పెరూ వెళ్ళిన రెండో ఏడు అది. ఆయన క్రేన్ మీద, కింద హూలియాన్ అనే స్నేహితుడు ఏం చేయాలో కేకేసి చెబుతూ. "సుయెల్తా" అంటే వదులు. "నో సుయెల్తెస్" అంటే వదలకు. "మిషన్ల హోరులో 'నో' ఇనపళ్ళేదు. 'సుయెల్' వరకే పట్టుకున్నాను, సివర ఏటన్నాడో సూసుకోలేదు. వదిలీసేను. దూలం ఆడి కాలు మీద పడింది. 'వద్దు' అన్నప్పుడు సివర అచ్చు మారిపోతాది తల్లీ. 'తా' కాదు, 'తెస్'. మొదటి మాట ఇనపడకపోయినా సివర మాట సెప్తాది. నాకది అప్పటికి తెల్దు."

ఆ 'తెస్' నేను తడబడే సబ్జంక్టివ్ రూపమే. ఎనిమిదేళ్ళలో ఏ పుస్తకమూ నాకు ఆ తేడాను ఇలా చెప్పలేదు. నేను అనువదించే పుస్తకాల నిండా "వదలకండి, ముట్టుకోకండి" అనే వాక్యాలే. వాటిని ఇన్నాళ్ళూ మార్కుల లెక్కన చూశాను.

భోజనం దాకా ఆయన తెలుగు వాక్యం చెప్పడం, నేను స్పానిష్ చేయడం. "నువ్వు రావాలని కోరుకుంటన్నాను" అంటే "కియెరో కె వెంగాస్". రోజూ చేరగానే ఫోన్ చేస్తానంటే "క్వాందో యెగో", రేపు చేరాక చెయ్యి అంటే "క్వాందో యెగెస్", ఎందుకంటే ఆ చేరడం ఇంకా జరగలేదు. అన్నం, చేపల పులుసు తిన్నాక నిద్ర ముంచుకొచ్చింది. ఆయన వదల్లేదు. "జరిగుంటే, జరిగేది కాదు" అనే వాక్యాలు సొంతంగా రాయమన్నాడు. తల పనిచేయక, పొద్దున విన్నదే రాసేశాను: "సి ఉబియేరా ఎంతెందిదో, నో అబ్రియా సోల్తాదో." అర్థమై ఉంటే వదిలేవాణ్ణి కాదు.

ఆయన ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాడు. రాయకుండా ఉండాల్సిందని సిగ్గుపడ్డాను.

"తప్పుందా బాబాయ్?"

"లేదమ్మా. బాగా రాసేవు. పతీ ఆదివారం ఆ హూలియాన్ గాడితో ఫోన్లో మాటాడతాను. వానలు, పిల్లలు, కోళ్ళు. ఈ మాట ఒక్కసారీ అన్లేదు."

సాయంత్రం ఐదున్నరకి, అంటే పెరూలో పొద్దున్న ఏడింటికి, ఆయన ఫోన్ కలిపాడు. స్పీకర్లో హూలియాన్ గొంతు హుషారుగా పలకరించింది. నాయుడు గారు వాతావరణం అడగలేదు. నా నోటుబుక్కు దగ్గరికి లాక్కుని, బడిపిల్లాడిలా వేలు పెట్టి, ఆ వాక్యాన్ని చదివాడు. సరస్వతి గారు గుమ్మంలోనే నిలబడిపోయింది. అవతల నుంచి హూలియాన్ అన్నాడు, "యా లో సె, నాయుదు. యా లో సె." తెలుసులేవయ్యా, నాకు తెలుసు. నాయుడు గారు కండువాతో మొహం తుడుచుకుని, "కోళ్ళెలాగున్నాయిరా?" అని స్పానిష్‌లో అడిగాడు.

రాత్రి ఎనిమిది గంటల రైలుకి కూతురు స్కూటరు మీద దింపింది. నా పరీక్ష వచ్చే నెల. పాసవుతానో లేదో చెప్పలేను, అలసట కూడా ఒక్క ఆదివారంతో తీరేది కాదు. కానీ కష్టమైన వాక్యం రాయడానికి ఇంత చదివిన నేను, దాన్ని ఎవరికైనా చెప్పాలని ఎప్పుడూ అనుకోలేదని ఆ గదిలో కూర్చున్నప్పుడు తెలిసింది. ఇలా గురువు కోసం ఊరు దాటి వెళ్ళేవారికి ఒక్క సలహా: పట్టికలు ఇంట్లో వదిలేయండి, మీ పనిలో మీరు నిజంగా తప్పు రాసిన పది వాక్యాలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. పాఠం అక్కణ్ణించే మొదలవుతుంది.