ఆవిరో, పొగో

కోవిడ్ రెండో విడత తగ్గుముఖం పట్టిన ఏడాది జూలైలో నన్ను అరకుకి దిగువన, ఘాట్ సెక్షన్‌లోని ఒక చిన్న స్టేషన్‌కి స్టేషన్ మాస్టర్‌గా వేశారు. అది నేను అడిగి వేయించుకున్న బదిలీ. అంతకుముందు మైదానంలో, రైళ్ల మీద రైళ్లు వచ్చే జంక్షన్‌లో చేసేదాన్ని. రిటైర్మెంట్ దగ్గర పడిన ఆడమనిషి ముసురూ జలగలూ తప్ప ఏమీ లేని కొండెక్కడమేమిటని తోటివాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

కారణం చెబుతాను. ఆ వేసవిలోనే నాకు ఆందోళన జబ్బు బయటపడింది. మావైపు దాన్ని గాబరా అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఉన్నట్టుండి గుండె దడదడలాడేది, చేతులు చల్లబడేవి, ఊపిరి సగంలోనే ఆగినట్టుండేది. గుండెపోటే అనుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. గుండెకేమీ లోటు లేదని తేల్చి మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. ఆవిడ మందు రాసి, అది ఒంటికి సరిపడేదాకా నన్ను సెలవులో ఉంచింది. రైళ్లు నడిపించే ఉద్యోగంలో ఉన్నవాళ్లు జబ్బు సెలవు తర్వాత ఫిట్ సర్టిఫికెట్ ఇస్తేగాని డ్యూటీ ఎక్కకూడదు. మంచి రూలే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక, ఆఫీసులో కాగితాల పని తీసుకుంటారా అని పై అధికారి మర్యాదగానే అడిగారు. ఒకసారి స్టేషన్ వదిలితే మళ్లీ దక్కదని నాకు తెలుసు. రైళ్లు కాస్త తక్కువగా ఉండే చోట వేయండి, నా పని నేనే చేసుకుంటానన్నాను. పచ్చజెండా పట్టుకోవడానికి నేనింకా పనికొస్తానా, రానా అన్నదొక్కటే ఆ రోజుల్లో నా బెంగ.

భయం పోయాక పనిలోకి దిగుదామనుకుంటే ఎప్పటికీ దిగలేనని డాక్టరమ్మ చెప్పింది. వేళకి లేవడం, వేళకి తినడం, వేళకి నడవడం, మధ్యలో గాబరా వస్తే రానివ్వడం. అంతే ఆవిడ మంత్రం. కొండ మీద నా దినచర్య అలాగే కుదుర్చుకున్నాను. తెల్లవారాక క్వార్టర్స్ నుంచి కాలిబాట వెంట గెడ్డ దాకా, అంటే కొండవాగు దాకా నడిచి వచ్చేదాన్ని. చోడి అంబలి, అదే రాగి జావ, తాగి, మాత్ర వేసుకుని, చీర మీద యూనిఫాం కోటు తగిలించుకుని డ్యూటీ ఎక్కేదాన్ని. దడ పెంచుతోందని కాఫీ మానేశాను. అరకు గాలి పీలుస్తూ కాఫీ ముట్టని మనిషిని ఆ లోయ మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. కొన్ని రోజులు పొద్దున్నే గాబరా మొదలై అంబలి సయించేది కాదు. అయినా తాగేదాన్ని.

మా పని గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. పక్క స్టేషన్ మాస్టరు బండి పంపడానికి ముందు మమ్మల్ని అడుగుతాడు. లైను ఖాళీగా ఉందని చూసుకుని మేం లైన్ క్లియర్ ఇస్తాం. ఇచ్చినట్టు గుర్తుగా ఫోన్లో ఒక నంబర్ చెబుతాం. దాన్ని ప్రైవేట్ నంబర్ అంటారు. చెప్పాక కాగితం మీద ఆ నంబర్‌ని గీత కొట్టేస్తాం, ఇక ఆ ముచ్చట ముగిసినట్టే. మళ్లీ ఫోన్ చేసి ఇందాక సరిగ్గా ఇచ్చానా అని అడిగితే, అవతలివాడికి ఏదో మారిందన్న అనుమానం పుట్టి బండి ఆగిపోతుంది. నా జబ్బుకేమో సరిగ్గా అదే కావాలి. చూసిందే చూడటం, అడిగిందే అడగటం.

ఫోన్ దగ్గర చెయ్యి ఆపుకోగలిగాను గాని, ఆ యావ ఇంకో దారి వెతుక్కుంది. సైడింగ్ పాయింట్ల దగ్గర, అంటే పక్క లైనులోకి పట్టాలు మళ్లే చోట, ఒక తాళం ఉంటుంది. అది పడిందో లేదో చూడటానికి వానలో మాటిమాటికీ వెళ్లేదాన్ని. నా దగ్గర పాయింట్స్‌మన్‌గా చేసే సుభద్ర కింది పల్లెలోని గిరిజన రైతుల ఇంటి పిల్ల. ఉద్యోగం పేరులో మన్ ఉన్నా చేసేది ఆడపిల్లే. ఒకరోజు గొడుగు కింద నిలబడి నన్ను చూసి నవ్వేసింది.

"ఏటమ్మా, మల్లీ సూత్తన్నారు? ఇందాకే గదా సూసేరు. ఇనుము పారిపోద్దేటి?"

నాకు కోపం వచ్చింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది. నా గాబరా సంగతి ఆ రోజే ఆ పిల్లకి చెప్పాను. మా పెద్దమ్మకీ అదేనమ్మా అని తేలిగ్గా అనేసి తన పని చూసుకుంది. అంత తేలిగ్గా తీసుకున్న మనిషి నాకు అప్పటిదాకా తగల్లేదు.

మరుసటి వానాకాలం. పొద్దున్న డ్యూటీ. పైనుంచి ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు దిగుతోంది. ఘాట్‌లో దిగే బండి బ్రేకులు నొక్కిపట్టుకునే దిగుతుంది కాబట్టి చక్రాలు వేడెక్కి ఉంటాయి. అలాంటి బండి ఆగకుండా పోతున్నప్పుడు ప్లాట్‌ఫాం వైపు నేను, అవతలివైపు పాయింట్స్‌మన్ నిలబడి మొదటి పెట్టె నుంచి చివరి పెట్టె దాకా చూడాలి. ఏదైనా వేలాడుతోందా, ఎక్కడైనా పొగ వస్తోందా అని. అన్నీ బాగుంటే చివరి పెట్టెలోని గార్డుకి పచ్చజెండా చూపిస్తాం. ఇప్పుడాయన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు గాని, మా నోటికి గార్డే.

బండి సగం దాటింది. ఒక పెట్టె కింద చక్రం దగ్గర తెల్లగా ఏదో లేచింది.

ఆవిరో, పొగో తెలియలేదు. ముసురు పడుతోంది, గాలి అటువైపుకి కొడుతోంది, వాసన నాకు అందలేదు. దడ మొదలైంది. మంట అంటుకుందని మనసు అరిచింది. ఆ అరుపు వెనకే ఇంకో మాట: నీకు రోజూ ఏదో ఒకటి అంటుకుంటూనే ఉంటుంది కదా, తాడుని చూసినా పామే కదా. ఉత్తపుణ్యానికి ఘాట్‌లో గూడ్సు ఆపితే పైస్టేషన్‌లో ప్యాసింజరు నిలిచిపోతుంది, బండ్ల రాకపోకలన్నీ చూసే కంట్రోల్ ఆఫీసు నుంచి ఫోనొస్తుంది, ఈవిడకి ఇంకా తగ్గలేదన్న మాట పైదాకా వెళుతుంది. ఆపకపోతే, అది నిజంగా పొగే అయితే, ముందున్నదంతా దిగుడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

రూలు పుస్తకం మాత్రం నాకెంత భయమేసిందని అడగదు. అనుమానం ఉంటే ఆపమంటుంది. ఎర్రజెండా చూపిస్తూ వాకీటాకీలో డ్రైవర్నీ గార్డునీ పిలిచాను. బండి కీచుమంటూ చాలా దూరం జారి ఆగింది.

సుభద్ర చివరి పెట్టె వెనకనుంచి పట్టాలు దాటి వచ్చింది. "అటేపు నాకేటీ కనపళ్లేదమ్మా," అంది. అబద్ధం చెప్పే పిల్ల కాదు.

గార్డు అప్పలనాయుడు వెనకనుంచి, అసిస్టెంట్ డ్రైవరు ముందునుంచి వానలోనే చక్రం చక్రమూ చూసుకుంటూ వచ్చారు. నేను చెప్పిన పెట్టె దగ్గర వంగి, వాసన చూసి, బ్రేకు కదిలించి చూశారు. ఈలోగా కంట్రోల్ ఫోన్ మోగుతూనే ఉంది. చివరికి అప్పలనాయుడు వాకీటాకీలో పిలిచాడు.

"ఏటీ లేదు మేడం. తడి ఖనిజం నీళ్లు ఏడి సక్రం మీద కారతన్నాయి. ఉత్త ఆవిరే. జెండా సూపిత్తే బేగి ఎల్లిపోతాం."

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. ఆపడం నాకు కష్టం కాలేదు, భయపడేవాళ్లకి ఆపడమెంత పని? వదలడమే చేతకావడం లేదు. ఇంకొక్కసారి చూడండి అన్న మాట నాలిక చివర ఉంది. వాళ్లు చూసేవారే, స్టేషన్ మాస్టరు మాట కాదనరు. అప్పుడు వెనక పెట్టె మీద అనుమానం వచ్చేది, ఆ తర్వాత దాని వెనక పెట్టె మీద. ఆ బండి సాయంత్రం దాకా అక్కడే ఉండేది. నేను మాత్రం ఆఫీసులో కాగితాలు సర్దుకోవడానికి వెళ్లిపోయేదాన్ని.

చూడవలసిన వాళ్లు చూశారు. కంట్రోల్‌కి చెప్పాను. చెప్పాక వాకీటాకీ అందుకుని, చూడటం అయింది, బయల్దేరండి అన్నాను. పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాను. గాలికి జెండా ఎలాగూ కొట్టుకుంటోంది కాబట్టి చెయ్యి వణికిందని ఎవరికీ తెలియలేదు. చివరి పెట్టెలోంచి అప్పలనాయుడు జెండా చూపి, ఇంకో చేత్తో దండం పెట్టి వెళ్లిపోయాడు.

దడ తగ్గలేదు. దాంతోనే ప్యాసింజరుకి లైన్ క్లియర్ ఇచ్చాను. అది వచ్చి ఆగింది, పనసకాయల బుట్టలతో ఆడవాళ్లు ఎక్కారు, అదీ కదిలి వెళ్లిపోయింది.

ఆవిరికి బండి ఆపేశారా అని కంట్రోల్‌లో ఒకాయన ఎత్తిపొడిచాడు. తర్వాత సేఫ్టీ ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను, నా జబ్బుతో సహా. అనుమానంతో ఆపారు, చూపించారు, వదిలారు, అందులో తప్పేముందన్నారాయన. నన్ను ఎక్కడికీ మార్చలేదు. నలుగురిలో నగుబాటవుతానని ఏ సంగతికైతే ఏడాదిగా వణికానో, అది జరిగే పోయింది. మర్నాడు పొద్దున్న అంబలి అదే రుచిగా ఉంది.

ఆ వానాకాలం ముగిసేదాకా సుభద్రా నేనూ ఒక పద్ధతి పెట్టుకున్నాం. తెల్లగా ఏదైనా లేస్తే, గాలి ఎవరివైపు కొడుతుంటే వాళ్లు వాసన చూసి వాకీటాకీలో చెప్పాలి. మళ్లీ అలాంటి ఖనిజం బండే దిగుతూ చక్రం దగ్గర తెల్లగా లేచినప్పుడు, పొగా అని అడిగాను. "ఆవిరేనమ్మా," అని అవతలినుంచి జవాబు వచ్చింది. పచ్చజెండా దించలేదు.

ఆ స్టేషన్‌లోనే రిటైరయ్యాను. గాబరా ఇప్పటికీ వస్తుంది. డాక్టరమ్మ మందు తగ్గించింది గాని మాన్పించలేదు. అనుమానం వస్తే ఆపమన్న రూలు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఒంటబట్టింది. చూశాక వదలమన్నదీ అదే రూలని నేర్చుకోవడానికి ఆ ఘాట్ ఎక్కాల్సి వచ్చింది. ఇప్పుడు పొద్దున్నే గ్యాస్ కట్టేసి, ఒకసారి చూసి, కట్టేశానని పైకే అనుకుని, తాళం వేసి నడకకి బయల్దేరతాను. వీధి మలుపులో మనసు వెనక్కి పిలుస్తుంది. బండి వెళ్లిపోయిందని దానికి చెప్పి ముందుకే నడుస్తాను.